ముందువాళ్ళు పాడుచేసిన పాత ఫియట్: తక్కువ డబ్బుతో ఏ దారి పట్టాలి?

అమ్మకానికి వచ్చే ప్రీమియర్ పద్మినిల్లో, అంటే మనం ఫియట్ అని పిలుచుకునే బండ్లలో, ఎవరి చెయ్యీ పడని బండి ఇప్పుడు అరుదు. ఒకరు మైలేజీ కోసం డీజిల్ ఇంజన్ దింపించి ఉంటారు. ఒకరు స్టీరింగ్ పక్కనుండే గేరు రాడ్డు తీసేసి కింద పెట్టించి ఉంటారు. ఇంకొకరు వెడల్పు టైర్లు పట్టాలని మడ్‌గార్డుల అంచులు కోయించి, బండి నేలకి దగ్గరగా కనపడాలని ముందు స్ప్రింగులు ఒక చుట్టు కత్తిరించి ఉంటారు. ఇవన్నీ జరిగిన బండి ధర తగ్గుతుంది. బాగున్న ఒరిజినల్ ఫియట్ ధర అందనివాళ్ళం చివరికి వీటి ముందే నిలబడతాం.

ఇలాంటి బండిని నేను చూసే పద్ధతి ఒకటే: జరిగిన మార్పును వెనక్కి తీసుకోగలమా? బోల్టుతో బిగించినది ఎంత వికారంగా ఉన్నా పానాతో ఊడుతుంది. కట్టర్‌తో కోసింది, తుప్పు మీద అతికించింది, ఆర్సీలో లేనిది, ఈ మూడూ మాత్రం డబ్బు తాగుతాయి. కింద చెప్పే ఎంపికలన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి. అంబాసిడర్ చూసుకుంటున్నవాళ్ళకీ చాలా వరకు ఇదే వర్తిస్తుంది.

బండి గురించి నాలుగు మాటలు. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1964లో ఫియట్ 1100డి తయారీ మొదలుపెట్టింది. 1972లో దాని పేరు ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది, 1974లో పద్మిని అయింది. 1089 సీసీ పెట్రోలు ఇంజన్, నాలుగు గేర్లు, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు, ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ పట్టీలు. విడిగా చాసిస్ లేదు, బాడీయే చాసిస్. ఈ చివరి విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. రేకు పని దగ్గరికి వచ్చేసరికి దీని మీదే అంతా ఆధారపడుతుంది.

ముందు కాగితాలు, తర్వాతే బానెట్

బండి కింద దూరి చూసే ముందు ఆర్సీ తీసుకుని ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు, ఇంధనం, రంగు సరిపోల్చండి. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన రూపానికి, ఆర్సీలో రాసిన వివరాలకు తేడా వచ్చే మార్పు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. ఆర్సీలో పెట్రోలు అని ఉండి బానెట్ కింద డీజిల్ ఇంజన్ ఉంటే ఆ బండికి ఐదేళ్ళకోసారి చేయించాల్సిన రెన్యువల్ దగ్గర చిక్కు వస్తుంది. అంతకంటే ప్రమాదం, ఏదైనా యాక్సిడెంట్ జరిగితే బీమా కంపెనీ వాదించడానికి మనమే కారణం చేతికి ఇచ్చినట్టు అవుతుంది. చాసిస్ నంబరు చుట్టూ వెల్డింగ్ గుర్తులు కనిపిస్తే ఇంకేమీ చూడకుండా వచ్చేయండి. ధర ఎంత తక్కువైనా సరే.

1970ల మొదట్లో రిజిస్టరైన బండి అయితే ఇంకో లెక్క కూడా ఉంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటాలి, సొంత వాడకపు బండి అయ్యుండాలి, చాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజన్‌లో గానీ పెద్ద మార్పులు ఉండకూడదు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళ గడువు, ఆ తర్వాత మళ్ళీ చేయించడానికి 5,000. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల తర్వాత ‘వీఏ’ వస్తుంది. అయితే ఆ నంబరుతో రోజూ ఆఫీసుకు వెళ్ళడం కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు పోయించుకోవడం, రిపేరు వంటి వాటికే రోడ్డెక్కాలి. కాబట్టి ఆదివారం కుటుంబంతో ఊరు తిరిగి రావాలి, పెళ్ళికి వెళ్ళాలి అనుకునేవాళ్ళకు మామూలు ఆర్సీయే మంచిది. 50 ఏళ్ళ బండికి ఒరిజినల్ ఇంజన్ తిరిగి ఎక్కించాలా వద్దా అని ఊగిసలాడుతుంటే మాత్రం ఈ నిబంధనను తూకంలో వేసుకోండి. మార్చిన ఇంజన్‌తో ఆ తలుపు మూసుకుపోతుంది.

ఉన్న దారులు నాలుగు

మొదటిది, ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచి క్షేమంగా నడిచేలా చేసుకోవడం. రెండోది, కంపెనీలోంచి వచ్చిన రోజులా పూర్తిగా ఒరిజినల్‌కి తేవడం. మూడోది, బండిని నడిపించే భాగాలనూ బాడీ బలాన్నీ సరిచేసి, అందం పని తర్వాతకు ఆపుకోవడం. నాలుగోది, ఇంకో పాడైన ఫియట్ కొని దాని భాగాలతో దీన్ని నిలబెట్టడం.

పూర్తి ఒరిజినల్ అన్నమాట వినడానికి హాయిగా ఉంటుంది, కానీ తక్కువ డబ్బుతో దాని జోలికి పోవద్దని నా గట్టి సలహా. క్రోమ్ బంపర్లు, గ్రిల్లు, లోపలి హ్యాండిళ్ళు, మీటర్లు, బాడ్జీలు ఒక్కొక్కటీ చిన్నవే, అన్నీ కలిస్తే ఇంజన్ పని ఖర్చును దాటిపోతాయి. పైగా ఈ దారి పట్టినవాళ్ళు మొదటి వారంలోనే బండినంతా విప్పేస్తారు. సగంలో డబ్బు ఆగిపోతే షెడ్డులో మిగిలేది పెయింటు గీకేసిన గుల్ల, అట్టపెట్టెల్లో పేరు రాయని నట్లు. అలా విప్పేసిన బండిని కొనేవాడు దొరకడు, దొరికినా తుక్కు ధరే అడుగుతాడు.

ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచడం కొన్ని మార్పులకు మాత్రం సబబు. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టి ఉంటే ఉంచండి, మంచి పని. పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉంటే ఉంచండి. గేరు కిందికి మార్చిన బండి అయితే ఎలా మార్చారో చూడాలి. చివరి రోజుల్లో ఎస్1 పేరుతో వచ్చిన పద్మినికి కంపెనీయే కింద గేరు ఇచ్చింది. ఆ సామానుతో, సరైన మౌంటింగ్‌తో చేసిన మార్పు అయితే దాన్ని వెనక్కి తిప్పడానికి డబ్బు తగలేయక్కర్లేదు. మధ్యలో నేల రేకును అడ్డదిడ్డంగా కోసి, ఇనుప పట్టీ వెల్డింగ్ చేసి గేర్‌బాక్సును వేలాడదీసిన రకం అయితే అది మొదట పోవాల్సిన పని.

చాలామందికి సరిపోయేది మూడో దారి. బండి నడుస్తూ ఉంటుంది, ఇంట్లోవాళ్ళ నమ్మకం నిలుస్తుంది, డబ్బు వచ్చినప్పుడల్లా ఒక్కో పని అవుతుంది. ఇంటి వెనక చోటు ఉన్నవాళ్ళయితే దీనికి నాలుగో దారిని జత చేసుకోవచ్చు. పద్మిని సామాను ఇన్నాళ్ళూ తేలిగ్గా దొరికిందంటే అందులో ముంబయి టాక్సీల చలవ చాలా ఉంది. 2023 అక్టోబరుతో అక్కడి రోడ్ల మీద పద్మిని టాక్సీ శకం ముగిసింది. ఇంజన్ సామాను ఇంకా దొరుకుతుంది కానీ తలుపులు, డిక్కీ మూత, అద్దాల రబ్బర్లు, గ్రిల్లు వంటివి ఒకేచోట కావాలంటే ఒక పాత బండిని మొత్తంగా కొనడమే చవక పడుతుంది. ఇలా భాగాల కోసం కొనే డోనర్ బండిని ఎంచేటప్పుడు మీ బండిలో ఏది పోయిందో అది బాగున్నదాన్నే చూడండి. రెండింటికీ ఒకేచోట తుప్పు ఉంటే రెండో బండి వల్ల లాభం ఉండదు.

ఏ ఇంజన్?

బండి బేరమాడేటప్పుడు అందరూ ఎక్కువసేపు మాట్లాడేది దీని గురించే.

పాత డీజిల్ ఇంజన్ దించిన పద్మినిలో అసలు బాధ ముందుకు పడే బరువు. ఆ స్ప్రింగులు, ఆ స్టీరింగ్, ఆ డ్రమ్ బ్రేకులు తేలికైన 1089 సీసీ ఇంజన్‌ను లెక్కలోకి తీసుకుని చేసినవి. బరువైన డీజిల్ వచ్చాక ముందు భాగం కుంగుతుంది, స్టీరింగ్ బిగుస్తుంది, ఇంజన్ వణుకు బాడీ కీళ్ళలోకి పాకి మౌంటింగ్ దగ్గర పగుళ్ళు తెస్తుంది. కంపెనీయే డీజిల్‌తో అమ్మిన పద్మిని కూడా ఉంది, ఆర్సీలో అలాగే ఉంటే దానికి ఈ మాటలు వర్తించవు. బయట మార్చిన డీజిల్ అయితే తీసెయ్యడమే మేలు. తీసిన ఇంజన్‌ను పడెయ్యకండి, నీళ్ళు తోడే మోటార్లకో జనరేటర్లకో అడిగేవాళ్ళు ఉంటారు, ఆ డబ్బు ఇటు పెట్టుకోవచ్చు.

రెండో రకం, ప్రీమియర్ కంపెనీదే అయిన 118ఎన్ఈ బండిలోని 1171 సీసీ నిస్సాన్ ఇంజన్ పెట్టినవి. నడపడానికి ఇది నిజంగా హాయిగా ఉంటుంది. పెట్రోలు నుంచి పెట్రోలే, బరువు తేడా కూడా పెద్దగా బాధించదు. ఆర్టీఓ అనుమతితో ఆ నంబరు ఆర్సీలో ఎక్కించి ఉంటే, పని శుభ్రంగా ఉంటే, బడ్జెట్ తక్కువ ఉన్నవాళ్ళు దాన్నే ఉంచుకుని బాగు చేసుకోవచ్చు. ఆర్సీలో ఎక్కకపోతే ఆ హాయి అంతా మొదటి చెకింగ్ దాకే.

ఒరిజినల్ ఇంజన్ విషయానికొస్తే, అది మన మేస్త్రీలకు కళ్ళు మూసుకుని విప్పగలిగినంత అలవాటైన ఇంజన్. బోరింగ్, ఓవర్‌సైజ్ పిస్టన్లు, క్రాంకు గ్రైండింగ్, బేరింగులు, వాల్వు గైడ్లు, హెడ్ ఫేసింగ్ ఇవన్నీ విజయవాడ ఆటోనగర్‌లో ఒకే వీధి చుట్టుపక్కల అయిపోయే పనులు. హైదరాబాద్‌లో అయితే సామానుకు కోఠి దగ్గరి జాంబాగ్, సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు తిరగాలి. అక్కడ దొరకనిది చెన్నై పుదుపేటలోనో ముంబయి కుర్లాలోనో దొరికే అవకాశం ఎక్కువ. దీని హెడ్ అల్యూమినియం, బాగా వేడెక్కితే వంగుతుంది. కొనే ముందు రేడియేటర్ మూత తీసి ఇంజన్ నడుస్తుండగా బుడగలు వస్తున్నాయేమో, ఆయిల్ మూత కింద తెల్లటి మీగడలాంటిది పట్టిందేమో చూడండి. కంప్రెషన్ గేజ్ ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్ళండి. నాలుగు సిలిండర్ల రీడింగులూ ఒకదానికొకటి దగ్గరగా ఉంటే ఇంజన్ విప్పాల్సిన పని లేదు. పొగ కాస్త వస్తోందని ఫుల్ ఇంజన్ పని చేయించేసి బ్రేకులకు డబ్బు లేకుండా కూర్చోవడం నేను చూసిన అతి సాధారణమైన వృథా ఖర్చు.

పెట్రోలు గురించి ఒక్క మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20 పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. 1970ల నాటి రబ్బరు పైపులు, పెట్రోలు పంపు డయాఫ్రమ్, కార్బురేటర్ కార్క్ వాషర్లు దీన్ని తట్టుకునేలా చేసినవి కావు. ఇంజన్‌ను ముట్టుకోకపోయినా ఈ రబ్బర్లన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్పించండి. నెలల తరబడి బండి నిలబెట్టేవాళ్ళు ట్యాంకులో తేమ చేరకుండా చూసుకోవాలి, ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. ఎల్పీజీ కిట్టు ఉండి, అది ఆర్సీలో లేకపోతే సిలిండర్‌తో సహా తీసేయించండి. ఇందులో రెండో ఆలోచన వద్దు.

రేకు పని: వికారమైనది వేరు, ప్రమాదమైనది వేరు

కోసేసిన మడ్‌గార్డు అంచు చూడగానే మనసు చివుక్కుమంటుంది. కానీ బండి బలానికీ దానికీ సంబంధం తక్కువ. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పెట్టెలా వెళ్ళే భాగం, ముందు ఇంజన్‌ను మోసే కాళ్ళు, వెనక కమాన్ పట్టీలు బిగిసే చోటు, ఈ మూడే బండి వెన్నెముక. అవి బాగుండి మిగతాదంతా చెడిపోయినా ఆ బండి కొనొచ్చు. పైన తళతళా మెరుస్తూ అవి పోయిన బండి ఊరికే ఇచ్చినా భారమే.

చూడటం ఎలాగంటే, మెత్తటి గుడ్డ చుట్టిన అయస్కాంతం తలుపు అంచుల మీద, మడ్‌గార్డుల మీద నడపండి. పట్టు వదిలేసిన చోట కింద లప్పం మందంగా ఉంది, లేదా ఫైబర్ గుడ్డ అతికించారు. లోపల తివాచీ ఎత్తి స్క్రూడ్రైవర్ పిడితో నేలంతా తట్టండి. గణగణ కాకుండా మొద్దు శబ్దం వస్తే అక్కడ రేకు పలచబడింది. కింద కొత్తగా నల్లటి తారు కోటింగ్ కొట్టించి ఉంటే అనుమానించండి, అమ్మే ముందు వారం కొట్టించే కోటింగ్ దాచడానికే. చివరగా జాకీ పెట్టి ఒక పక్క ఎత్తి, తలుపు తెరిచి మూయండి. ఎత్తక ముందు సాఫీగా పడిన తలుపు ఇప్పుడు పట్టేస్తే బాడీ వంగుతోందన్నమాట.

ఇక ఎంపిక. తుప్పు మీద కొత్త రేకు అతికించడం చవక, గట్టిగా రెండు వానాకాలాలు ఆగితే గొప్ప. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో అదీ అనుమానమే. శుభ్రమైన లోహం వచ్చేదాకా కోసి, నేలకు 18 గేజ్, తలుపుల కింది అంచులకు 20 గేజ్ రేకు కట్ చేసి సీఓ2 వెల్డింగ్‌తో అతికించేది ఖరీదు, కానీ ఒకసారే చేసే పని. గ్యాస్ వెల్డింగ్ వేడికి పలచటి రేకు అలల్లా లేస్తుంది, దాన్ని కప్పడానికి మళ్ళీ లప్పమే. అందుకే డబ్బు చాలకపోతే పని నాణ్యత తగ్గించకండి, చోటు తగ్గించండి. ఈ ఏడాది ఒక పక్క పెట్టె భాగం, నేల. వచ్చే ఏడు రెండో పక్క.

ఇంకో జాగ్రత్త టింకరింగ్ మేస్త్రీకి ముందే చెప్పండి. తలుపు కింది పెట్టె కోసే ముందు తలుపు ఖాళీలో అడ్డంగా, ఐమూలగా ఇనుప గొట్టాలు తాత్కాలికంగా వెల్డింగ్ చేయాలి, బండిని సమానమైన స్టాండ్ల మీద నిలబెట్టాలి. బాడీయే చాసిస్ అయిన బండిలో ఇది చేయకుండా కోస్తే మధ్యలో జారుతుంది, ఆ తర్వాత ఏ తలుపూ సరిగ్గా పడదు.

బ్రేకులు, కింది భాగం, వైరింగ్

ఇక్కడ ఎంపికలు తక్కువ, మొహమాటం అసలు వద్దు. కత్తిరించిన కాయిల్ స్ప్రింగులు తీసేసి సరైనవి వేయించండి. వెనక కమాన్ పట్టీలను గ్యాస్‌తో కాల్చి వంచి ఉంటే అవి పదును కోల్పోయాయి, మళ్ళీ వంచినా నిలవవు, కొత్త పట్టీలే శరణ్యం. వెడల్పు రిమ్ములు, స్పేసర్లు తీసేసి 14 అంగుళాల ఒరిజినల్ ఇనుప రిమ్ములకు రండి. కింగ్‌పిన్లు, చక్రాల బేరింగులు ఎక్కువ కాలం ఆగుతాయి, స్టీరింగ్ చేతికి తేలికవుతుంది. పాత బండి వెంటనే బండిలా కనిపించేది కూడా ఈ ఒక్క మార్పుతోనే.

డిస్క్ బ్రేకులు పెట్టించమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. సరైన భాగాలతో, తెలిసినవాళ్ళు చేస్తే మంచిదే, కానీ అది డబ్బున్న పని. అరకొరగా అతికించిన డిస్కుల కంటే, డ్రమ్ములు లేత్ మీద సాఫు చేయించి, కొత్త లైనింగ్, కొత్త వీల్ సిలిండర్లు, కొత్త హోసులు, కొత్త మాస్టర్ సిలిండర్ కిట్టు వేసిన డ్రమ్ బ్రేకులు ఎంతో నమ్మకం. పాత బండ్లలో బ్రేకు ఆయిల్ దారి ఒక్కటే, ఒక చక్రం దగ్గర లీకైతే నాలుగూ పోతాయి. అందుకే వీటిలో సగం పని అన్నది ఉండదు.

వైరింగ్‌లో అతుకులు ఎక్కువగా ఉంటే రిపేరు చేయించకండి, పూర్తిగా కొత్త హార్నెస్ కట్టించండి. స్పీకర్లు, ఫాగ్ లైట్లు, పెద్ద హారన్ల కోసం ఎవరెవరో ఎక్కడెక్కడో కలిపిన తీగల్లో మంట దాగుంటుంది. కట్టించేటప్పుడే అదనపు ఫ్యూజులు, హెడ్‌లైట్లకు రిలేలు పెట్టించండి, పాత స్విచ్చి మీద భారం తగ్గుతుంది.

రంగు, సీట్లు, తివాచీ చివరికి. వెల్డింగ్ అయిన చోట ప్రైమర్ కొట్టి అలాగే తిరగండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

డబ్బు పంపకం

బండి ధర కాకుండా చేతిలో రెండు లక్షలు ఉన్నాయనుకుంటే నేనైతే ఇలా పంచుతాను. 50 వేలు ముట్టుకోకుండా పక్కన, ఎందుకంటే విప్పాక కనిపించేది విప్పక ముందు చెప్పినదానికంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్, టైర్లకు 45 వేలు. వెన్నెముక రేకు పనికి 45 వేలు. ఇంజన్, రేడియేటర్, పెట్రోలు లైనుకు 40 వేలు. వైరింగ్‌కు 20 వేలు. బండిని బట్టి అంకెలు అటూ ఇటూ అవుతాయి, వరస మాత్రం మారకూడదు. రేడియేటర్ కోర్ మార్చాల్సి వస్తే ఆ డబ్బు పక్కన పెట్టిన 50 వేలల్లోంచి రావాలి, బ్రేకుల వాటాలోంచి కాదు.

ఇద్దరు అమ్మకందార్లు ఎదురైతే? ఒకరి దగ్గర బయట డీజిల్ దించిన బండి, బాడీ గట్టిది, ఒరిజినల్ ఇంజన్ షెడ్డులో గోనె కింద ఉంది, ఆర్సీలో ఇంకా ఆ నంబరే ఉంది. ఇంకొకరి దగ్గర ఒరిజినల్ ఇంజన్ చక్కగా నడుస్తోంది, కానీ పక్క పెట్టెలు రెండూ లప్పంతో నిలబడ్డాయి. ధర ఒకటే అయినా, మొదటిదానికి పది పదిహేను వేలు ఎక్కువైనా, మొదటిదే తీసుకోండి. ఇంజన్ ఎక్కించడం కొద్ది రోజుల పని.

గుత్తకా, రోజు కూలీకా?

ఇంజన్, బ్రేకులు, వైరింగ్ పని గుత్తకు ఇవ్వడమే మంచిది. పని ఎంతో ముందే తెలుస్తుంది, సామాను మీరు తెచ్చి కూలీ మాట్లాడుకోవచ్చు, పాత సామాను తిరిగి అడిగి తీసుకోండి. రేకు పని అలా కాదు. గుత్త ఒప్పుకున్న మేస్త్రీకి తుప్పు అనుకున్నదానికంటే ఎక్కువ తేలితే నష్టం ఆయనది, అప్పుడు చెయ్యి తెలియకుండానే లప్పం డబ్బా వైపు వెళ్తుంది. దాన్ని రోజు కూలీకి, దశలుగా ఇవ్వండి. కోత పూర్తయ్యాక మీరు వచ్చి చూడాలి, వెల్డింగ్ అయ్యాక మళ్ళీ చూడాలి, ఆ తర్వాతే ప్రైమర్. ప్రతి దశకీ అంతవరకే డబ్బు. విప్పిన ప్రతి భాగానికీ ముందు ఫొటో తీసి, నట్లు కవర్లో వేసి పేరు రాసిపెట్టండి. విలువైనవి, అంటే మీటర్లు, బాడ్జీలు, క్రోమ్ సామాను, హబ్ క్యాపులు, పని మొదలుకాక ముందే ఇంటికి తెచ్చేసుకోండి.